రోష్‌ఫోర్ 10లో మాల్ట్ రుచి ఎంత? ల్యూవెన్ నుంచి ఒక ప్రాజెక్టు డైరీ

సెప్టెంబరు చివరివారం

బెల్జియం నల్ల బీరు తాగినవాళ్ళను ఎలా ఉందని అడిగితే దాదాపు అందరూ చెప్పేది ఒకటే: "భలే మాల్టీగా ఉంది." మాల్ట్ అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ. గింజను ఎంత మాడిస్తే బీరు అంత నల్లబడుతుంది కాబట్టి, నల్ల బీరులో రుచంతా మాడిన గింజదే అయ్యుంటుందని మన లెక్క. ఐర్లండు నల్ల బీరు స్టౌట్ వరకు ఆ లెక్క సరిపోతుంది. బెల్జియంలో క్రైస్తవ సన్యాసుల మఠాల బీరు దగ్గరికొచ్చేసరికి సరిపోదు. ఇక్కడ నలుపు చాలావరకు పంచదార పాకంది, పండ్ల వాసన చాలావరకు బీరును పులియబెట్టే ఈస్ట్‌ది అని పుస్తకాల్లో ఉంటుంది. చదవడం వేరు, నాలుకకు తెలియడం వేరు. గింజ, పాకం, ఈస్ట్ మూడింటినీ విడివిడిగా రుచి చూసి, ఆ తర్వాత గ్లాసులో వెతికి పట్టుకోవాలి. ఈ చలికాలానికి పెట్టుకున్న పని అది.

ఉండేది బెల్జియంలోని ల్యూవెన్‌లో కాబట్టి సరుకుకు లోటు లేదు. చిప్‌ల పరిశోధన సంస్థ ఐమెక్, యూనివర్సిటీ పుణ్యమా అని ఊళ్ళో తెలుగువాళ్ళూ బాగానే ఉన్నారు, తాగిపెట్టేవాళ్ళకూ లోటు లేదు. చివరికి టీమ్ ఇలా తేలింది: నేను, వరంగల్ నుంచి వచ్చి పీహెచ్‌డీ చేస్తున్న ఒక తమ్ముడు, బ్రస్సెల్స్‌లో ఉండే మా బావ, మా ఆవిడ. మా ఆవిడ చుక్క ముట్టదు. కానీ కింది ఫ్లోర్‌లో పోపు మాడినా ముందు తనకే తెలుస్తుంది. అందుకని వాసన చూసే డ్యూటీ తనది.

కొన్నవి, అన్నీ బెల్జియం బీర్లే: రోష్‌ఫోర్ 6, 8, 10. వెస్ట్‌మాలె డుబెల్, ట్రిపెల్. షిమే బ్లూ. సెయింట్ బెర్నార్డస్ ఆబ్ట్ 12. వెస్ట్‌వ్లెటెరెన్ 12 షాపుకెళ్ళి కొనుక్కునే రకం కాదు, దాని సంగతి తర్వాత.

అక్టోబరు మొదట్లో: ముందు కొలబద్ద

మిగతావన్నీ పోల్చుకోవడానికి ఒక బీరు కావాలి. రోష్‌ఫోర్ 10ని ఖాయం చేశాను. నామూర్ రాష్ట్రంలోని సెయింట్ రెమీ మఠంలో కాస్తారు దీన్ని. అక్కడ 1595 నాటికే బీరు కాచేవాళ్ళు. సీసా మూతలు 6కి ఎరుపు, 8కి ఆకుపచ్చ, 10కి నీలం. ఈ అంకెలు ఆల్కహాల్ శాతాలు కావు. పులియబెట్టక ముందు రసం ఎంత చిక్కగా ఉందో చెప్పే పాత బెల్జియం కొలత నుంచి వచ్చాయి. ఆల్కహాల్ చూస్తే 6లో 7.5 శాతం, 8లో 9.2, 10లో 11.3. మన దేశంలో ఆహార భద్రతా నిబంధనల ప్రకారం స్ట్రాంగ్ బీరుకైనా హద్దు 8 శాతమే. ఆ లెక్కన రోష్‌ఫోర్ 10 ఇండియాలో బీరు కిందకే రాదు. 33 సెంటీలీటర్ల సీసాను ముగ్గురం పంచుకున్నాం, ఈ పని మొత్తానికీ అదే పద్ధతి.

బావ కూర్చోగానే అడిగిన ప్రశ్న: "కూలింగ్ ఉందా?" ఊళ్ళో వైన్స్ ముందు నిలబడి అడిగే ప్రశ్నే. అందుకని తొలి పరీక్ష దానిమీదే పెట్టాను. ఒక సీసా ఫ్రిజ్‌లోంచి తీసింది, 4 డిగ్రీలు. ఇంకోటి సెల్లార్‌లోది, 13 డిగ్రీలు. చల్లదాంట్లో ముందు గ్యాస్ కుట్టింది, వెనకాల ఆల్కహాల్ ఘాటు, కాస్త చేదు, అంతే. వాసన గ్లాసు అంచు దాటి రాలేదు. 13 డిగ్రీలదాన్ని ముక్కు దగ్గర పెట్టగానే ఎండు ద్రాక్ష, ఖర్జూరం, కాస్త లవంగం, అడుగున డార్క్ చాక్లెట్. చల్లటి గ్లాసును పక్కన పెట్టి ఓ అరగంట ఆగితే అందులోంచీ అవే వాసనలు బయటికొచ్చాయి. బావ ఇక కూలింగ్ మాటెత్తలేదు. 12 నుంచి 14 డిగ్రీలని రాసిపెట్టుకున్నాం.

పోయడం గురించి ఒక మాట. ఈ బీరు సీసాలోకి ఎక్కాక కూడా పులుస్తుంది. మూత వేసే ముందు కాస్త పంచదార, కాస్త ఈస్ట్ కలుపుతారు. అందుకే అడుగున మడ్డి ఉంటుంది. సీసాను ముందురోజే నిలబెట్టి, గ్లాసును వంచి, ఎక్కడా ఆపకుండా ఒకే ధారగా పోసి, చివరి వేలెడు సీసాలోనే ఉంచేయాలి. మధ్యలో ఆపి సీసా ఎత్తితే మడ్డి కదిలిపోతుంది. చివరి వేలెడును వేరే గ్లాసులోకి వంపి రుచి చూశాం. బ్రెడ్ పిండి వాసన, కాస్త చేదు, రుచి మొద్దుబారినట్టుంది. ఇష్టపడేవాళ్ళు ఉన్నారు, నాకు మాత్రం వద్దు. గ్లాసుకు జిడ్డు లేకుండా చూసుకోవాలి. మంచింగ్ తిన్న చేత్తో గ్లాసు అంచు పట్టుకుంటే నురగ నిమిషంలో కూలిపోతుంది, మిర్చి బజ్జీ నూనెతో అది కళ్ళారా చూశాం.

వాసన రిపోర్టులో మా ఆవిడ చివర ఒక మాట చేర్చింది: "వెనకాల ఎక్కడో ధనియాలు ఉన్నట్టున్నాయి." రోష్‌ఫోర్‌లో నిజంగానే కొద్దిగా ధనియాలు వేస్తారు. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

అక్టోబరు మధ్యలో: గింజ టీ

ఇంట్లో బీరు కాచుకునేవాళ్ళకు సామాను అమ్మే షాపుంది. అక్కడ మూడు రకాల మాల్ట్ తలా కాస్త తెచ్చాను. పిల్స్‌నర్ మాల్ట్, లేత గడ్డి రంగు. స్పెషల్ బీ, ఆంట్వెర్ప్ దగ్గర డింగెమాన్స్ వాళ్ళు చేసే ముదురు క్యారమెల్ మాల్ట్. మూడోది స్టౌట్‌లో వేసే మాడ్చిన బార్లీ.

మాల్ట్ రుచి చూడటానికి అమెరికాలో బీరు రసాయన నిపుణుల సొసైటీ ఖరారు చేసిన ఒక పద్ధతి ఉంది, ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు. 50 గ్రాముల గింజను పిండి చేసి, 400 మిల్లీలీటర్ల 65 డిగ్రీల నీళ్ళతో థర్మాస్‌లో పోసి, గట్టిగా ఊపి, 15 నిమిషాలు ఉంచి, కాఫీ ఫిల్టర్ పేపర్‌తో వడగట్టాలి. క్యారమెల్ మాల్ట్‌నైతే సగానికి సగం పిల్స్‌నర్‌తో కలపాలి. మాడ్చిన బార్లీ ఇంకా తక్కువ వేయాలి, లేకపోతే నాలుకకు ఇంకేమీ తెలియదు.

పిల్స్‌నర్ టీ తియ్యగా ఉంది. పచ్చి పిండి వాసన, తేనె ఛాయ. హార్లిక్స్ డబ్బా మూత తీస్తే వచ్చే వాసన దీని వేడి రూపమే, హార్లిక్స్‌లోనూ ఉండేది మాల్టే కదా. మాడ్చిన బార్లీ టీ కాఫీ, బూడిద, పులుపు. రోష్‌ఫోర్‌లో ఇది అస్సలు లేదని అక్కడికక్కడే తేలిపోయింది. నల్లగా ఉన్నా అందులో కాఫీ చేదు లేదు.

ఆగాల్సింది స్పెషల్ బీ దగ్గర. దీన్ని తయారుచేసే తీరే వేరు. పచ్చి మాల్ట్‌ను తడిగానే వేడి చేస్తే గింజ లోపలి పిండి అక్కడే చక్కెరగా మారుతుంది. ఆ తర్వాత వేపితే ఆ చక్కెర లోపలే పాకమైపోతుంది. ఒక గింజను పళ్ళ మధ్య కొరికాను. ముందు కరకర, తర్వాత పైన మాడు, దాని వెనకే నల్ల ఎండు ద్రాక్ష, కాస్త అంజీరు. గింజను పుక్కిట పెట్టుకునే రోష్‌ఫోర్ ఒక గుక్క తాగాను. ద్రాక్ష దగ్గర రెండూ కలిశాయి. అంటే ఎండు ద్రాక్షలో కొంత వాటా గింజదే. కానీ బీరులో ఇంకా ఏదో ఉంది, గింజలో దొరకనిది.

అక్టోబరు చివర: పాకం

ల్యూవెన్ నుంచి రైలెక్కితే కాసేపట్లో టీనెన్ వస్తుంది. బెల్జియం చక్కెర ఊరు అది. ఇక్కడి పంచదార చెరకుది కాదు, బీట్ దుంపది. బీరులో వేసే క్యాండీ పాకం మూలమూ అదే. సన్యాసులు బీరులో పంచదార ఎందుకు వేస్తారు? ఆల్కహాల్ పెరగాలి, బీరు మాత్రం చిక్కబడకూడదు. మొత్తం గింజతోనే 11 శాతానికి వెళ్తే గ్లాసు అడుగు కనపడేసరికి పొట్ట నిండిపోతుంది. పంచదారను ఈస్ట్ మిగల్చకుండా తినేస్తుంది కాబట్టి బలం వస్తుంది, బరువు రాదు.

స్ట్రాంగ్ బీరుకు ఇక్కడ గిరాకీ పెరగడానికి ఒక చట్టం కూడా కారణం. 1919లో వాండర్వెల్డె చట్టం వచ్చి కేఫుల్లో బ్రాందీ, జిన్ లాంటివి పోయకూడదంది. 1983 దాకా అది నడిచింది. ఘాటు కావాలన్నవాళ్ళు బీరులోనే వెతుక్కున్నారు. వెస్ట్‌మాలె డుబెల్ ఇప్పటి రూపానికి వచ్చింది 1926లో, ట్రిపెల్ వచ్చింది 1934లో. ఆ తేదీలను చట్టం పక్కన పెట్టి చూస్తే సంగతి అర్థమవుతుంది.

పాకం రెండు గిన్నెల్లో పెట్టాను. ఒకదాంట్లో ఉత్త పంచదార, నీళ్ళు. రెండోదాంట్లో అదే పంచదారకు చిటికెడు డీఏపీ. ఈస్ట్‌కు ఆహారంగా వేసే తెల్లపొడి అది, బీరు సామాను షాపులోదే. పొలంలో వేసే డీఏపీ బస్తా గుర్తొచ్చి బావ గిన్నెకు దూరం జరిగాడు. రసాయనం అదేగానీ ఇది తిండికి పనికొచ్చే గ్రేడు.

మొదటి గిన్నె చాలాసేపు తెల్లగానే ఉండి, 170 డిగ్రీలకు చేరువవుతూ ఒక్కసారిగా రంగు తిరిగింది. క్యారమెల్ వాసన, కాస్త చేదు. రెండోది అంతకన్నా చాలా ముందే రంగెక్కడం మొదలుపెట్టింది. మొదట అమ్మోనియా గుప్పుమంది, కిటికీ తీశాం. అది పోయాక వచ్చిన వాసనకు తమ్ముడు స్టవ్ దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఎండు ద్రాక్ష, ప్లమ్, కోకో. పంచదార ఒక్కటే కాగితే క్యారమెల్. దానికి డీఏపీలోని నత్రజని తోడైతే ఇంకో రకం చర్య నడుస్తుంది, వేయించిన వేరుశెనగకూ కాల్చిన రొట్టెకూ రంగు, వాసన ఇచ్చేది కూడా ఆ చర్యే. గింజలో దొరకని ఆ మిగతాది ఇక్కడ దొరికింది.

ఇండియన్ షాపులో కొన్న బెల్లంతో కూడా ఒక పాకం పట్టి చూశాం. వాసన ఘనంగా ఉంది, కానీ చివర్లో ఉప్పదనం తగులుతుంది. చెరకు రసంలోని ఖనిజాలు చాలావరకు బెల్లంలోనే ఉండిపోతాయి కాబట్టి దాని దారి వేరు. దీంతో అరిసెలు చేసుకుందామని మా ఆవిడ డబ్బా పక్కకు తీసింది.

పాకం చెంచాతో నాకి, వెంటనే రోష్‌ఫోర్ తాగాడు తమ్ముడు. "ఏందన్నా ఇది, వాసన చూస్తే పాకమే, నోట్ల పోసుకుంటే తీపే లేదు!" నిజంగానే లేదు. తీపిని ఈస్ట్ తినేసింది, రంగూ వాసనా దానికి అక్కర్లేదు కాబట్టి వదిలేసింది. ముక్కు తీపి అని చెప్తుంది, నాలుక వెతుక్కుంటుంది, ఆలోగా బీరు గొంతు దిగిపోతుంది, వెనకాల పొడిగా, కాస్త వెచ్చగా అయిపోతుంది. జనం మాల్టీ అంటున్నదాంట్లో పెద్ద ముక్క ఇదే, తీపి పోయి మిగిలిన పాకం వాసన. దీని తర్వాత మామూలు తియ్యటి నల్ల బీరు ఏది తాగినా అంటుకుపోతున్నట్టే ఉంది.

నవంబరు: రంగు మోసం

ఇది కాస్త కొంటె పని. వెస్ట్‌మాలె డుబెల్, ట్రిపెల్ రెండింటికీ వాడే ఈస్ట్ ఒకటే. డుబెల్ ముదురు గోధుమ రంగు, 7 శాతం. ట్రిపెల్ బంగారు రంగు, 9.5 శాతం. నల్ల పాకం వేసేది డుబెల్‌లోనే. ట్రిపెల్‌లో రుచి లేని ఫుడ్ కలర్ చుక్కలు కలిపి డుబెల్ రంగుకు తెచ్చి, చెప్పకుండా బావ ముందు పెట్టాను.

"చాక్లెట్, ఖర్జూరం... వెస్ట్‌మాలె నల్లది" అన్నాడు ధీమాగా.

2001లో బోర్డో పరిశోధకులు తెల్ల వైన్‌కు ఎర్ర రంగు కలిపి విద్యార్థులకు ఇస్తే, వాళ్ళు ఎర్ర వైన్‌కు వాడే మాటలతోనే దాన్ని వర్ణించారు. బావ పేరున్న వాళ్ళ సరసనే చేరాడు. సంగతి చెప్పాక కళ్ళు మూసుకుని మళ్ళీ తాగాడు. ఈసారి అరటిపండు, మిరియం, లవంగం అన్నాడు, ఖర్జూరం లేదన్నాడు. అసలు డుబెల్ ఇచ్చాక అరటి, లవంగం అలాగే ఉన్నాయి, వాటి మీద పాకం ఒక పొరగా వచ్చింది.

ఈ అరటి, లవంగం ఈస్ట్ చేసే పని. అరటిపండులో ఉండే ఐసోఅమైల్ ఎసిటేట్‌నే ఈస్ట్ కూడా తయారుచేస్తుంది. లవంగం వాసన గింజలోని ఫెరూలిక్ ఆసిడ్‌ను ఈస్ట్ విడగొట్టడం వల్ల వస్తుంది. పులిసేటప్పుడు వేడి పెరిగేకొద్దీ పండ్ల వాసనలు పెరుగుతాయి. మన స్ట్రాంగ్ బీర్లు లాగర్ ఈస్ట్‌తో చల్లగా పులుస్తాయి, వాటిలో ఈ గోలేమీ ఉండదు. ఇక నుంచి పరీక్షలన్నీ కళ్ళు మూసుకునే. మూడు గ్లాసులు పెట్టి, రెండింట్లో ఒకే బీరు, మూడోదాంట్లో వేరేది పోసి, తేడా గ్లాసు పట్టుకోమనడం. ఊరికే ఊహించినా మూడింట ఒక వంతు సరిగ్గానే పడుతుంది కాబట్టి, ఒక్కసారి పట్టుకున్నంత మాత్రాన మీసం తిప్పడానికి లేదు.

డిసెంబరు: పోపరింగే వైపు

వెస్ట్‌వ్లెటెరెన్ 12 కోసం దాన్ని కాచే సెయింట్ సిక్స్‌టస్ మఠానికే బయల్దేరాం. ముందుగా బుక్ చేసుకుని మఠం గేటు దగ్గర పెట్టెలు తీసుకెళ్ళొచ్చు. ఒకప్పుడు ఫోన్‌లోనే బుకింగ్, లైను దొరికితే లాటరీ తగిలినట్టే అనేవాళ్ళు. 2019 నుంచి ఆన్‌లైన్. అవేవీ వద్దనుకుంటే మఠం ఎదురుగా ఇన్ డె వ్రెడె అనే కేఫు ఉంది, గ్లాసులో పోయించుకుని కూర్చోవచ్చు. రైల్లో పోపరింగే దిగి, అద్దె సైకిళ్ళ మీద, బీరుకు చేదునిచ్చే హాప్ తోటల మధ్య నుంచి వెళ్ళాం. చలికాలం కదా, తోటల్లో తీగలు లేవు, ఉత్త స్తంభాలే.

ఇక్కడి పరీక్ష ఈస్ట్ మీద. వెస్ట్‌వ్లెటెరెన్ సన్యాసులు 1946లో పక్కనే వాటౌలో ఉన్న సెయింట్ బెర్నార్డస్ వాళ్ళకు తమ బీరు కాచి అమ్ముకునే లైసెన్సు ఇచ్చారు. 1992లో అది ముగిసింది. ఇప్పుడు వెస్ట్‌వ్లెటెరెన్‌కు ఈస్ట్ వెస్ట్‌మాలె నుంచి వస్తుంది. పాత మఠం ఈస్ట్ మా దగ్గరే బతికుందని సెయింట్ బెర్నార్డస్ వాళ్ళ మాట. ఒకే వేరు నుంచి వచ్చిన రెండు బీర్లు, ఈస్ట్ వేరు. ఆల్కహాల్ వెస్ట్‌వ్లెటెరెన్ 12లో 10.2 శాతం, ఆబ్ట్ 12లో 10.

కేఫులో వెస్ట్‌వ్లెటెరెన్ తాగి, అక్కడ కొనుక్కున్న సీసాలను ఇంటికి తెచ్చి ఆబ్ట్ 12తో మూడు గ్లాసుల పరీక్ష పెట్టాం. తేడా గ్లాసును తమ్ముడు తడుముకోకుండా పట్టేశాడు. ఆబ్ట్‌లో పండు ఎక్కువ, మాగిన అరటి దాకా వెళ్తుంది, గ్యాస్ చురుకు. వెస్ట్‌వ్లెటెరెన్‌లో పండు తగ్గి పాకం, చాక్లెట్ ముందుకొస్తాయి, చివర కాస్త చేదు. ప్రపంచంలోకెల్లా గొప్ప బీరని వెస్ట్‌వ్లెటెరెన్‌కు వచ్చిన పేరులో సగం దాన్ని సంపాదించడానికి పడే కష్టానిదేనని నా అభిప్రాయం. మంచి బీరే, కాదనను. కానీ రోష్‌ఫోర్ 10 సూపర్‌మార్కెట్ షెల్ఫులో దొరుకుతుంది, నా ఓటు దానికే.

జనవరి: మంచింగ్

క్లుప్తంగా. నీలి బూజు చీజ్‌తో రోష్‌ఫోర్ అద్భుతం, ఉప్పు పడగానే బీరులో లేని తీపి ఉన్నట్టు అనిపిస్తుంది. ఇక్కడివాళ్ళు నల్ల బీరులోనే గొడ్డు మాంసం ఉడికించే స్టోఫ్‌ఫ్లేస్ వంటకు సాటిగా మా ఇంట్లో మటన్‌ను వెస్ట్‌మాలె డుబెల్‌లో ఉడికించాం, ఉల్లిపాయలు ఎర్రగా వేయించి. బాగా కుదిరింది. కారం మాత్రం బాగా తగ్గించాల్సిందే, 9 శాతం దాటిన బీరు మీద గుంటూరు కారం పడితే మంట తప్ప ఏమీ మిగలదు. ఆవకాయతో ప్రయత్నించిన బావను అడగండి.

ఫిబ్రవరి: పాత సీసా

షిమే బ్లూ లేబుల్ మీద సంవత్సరం వేస్తారు. 1948లో క్రిస్మస్ బీరుగా మొదలైంది ఇది. ఆ బీరు తీరుతెన్నుల వెనక ఉన్నవాళ్ళు ఫాదర్ తియోడోర్, ఆయనకు సలహాలిచ్చిన ల్యూవెన్ ప్రొఫెసర్ జాన్ డె క్లెర్క్, అంటే మా ఊరివాడే. పాత సంవత్సరాల సీసాలు దాచి అమ్మే షాపులో కొన్నేళ్ళనాటిది ఒకటి కొని, ఈ ఏడాదిదాని పక్కన పెట్టాం.

కొత్తదాంట్లో మిరియం ఘాటు, గ్యాస్ కుట్టడం, ఆల్కహాల్ విడిగా తెలుస్తోంది. పాతదాని నురగ పలచబడింది, చేదు తగ్గింది, ఆల్కహాల్ కలిసిపోయింది. వాసనలో పోర్ట్ వైన్, బాదం, తోలు. గాలిలోని ఆక్సిజన్ కొద్దికొద్దిగా చేసే పని ఇది. అదే పని తేలికపాటి బీరులో తడిసిన అట్టపెట్టె వాసన తెస్తుంది. ఇలాంటి నల్ల బీరులో పాకం, ఆల్కహాల్ గట్టిగా ఉంటాయి, సీసాలో బతికున్న ఈస్ట్ కాస్త ఆక్సిజన్‌ను తినేస్తుంది, కాబట్టి తట్టుకుంటుంది. ఈస్ట్ తెచ్చిన అరటి పాతదాంట్లో దాదాపు మాయం. పాకం వాసన మాత్రం చెక్కుచెదరలేదు.

రోష్‌ఫోర్ 10 సీసాలు కొన్ని సెల్లార్‌లో చీకటి మూలన నిలబెట్టి, మూతల మీద కొన్న తేదీ మార్కర్‌తో రాశాను. నిలబెట్టడం ఎందుకంటే మడ్డి అడుగునే ఉండాలి, బీరుకూ గాలికీ మధ్య తాకే జాగా తగ్గాలి. మొదటిది వచ్చే చలికాలం, ఆ తర్వాత ఏడాదికొకటి, ప్రతిసారీ పక్కన కొత్త సీసా ఒకటి, కళ్ళు మూసుకునే. 2030 అని రాసి ఉన్న మూత చూసి బావ, "అప్పటిదాకా ఎవడాగుతాడ్రా!" అన్నాడు. ఆయన బ్రస్సెల్స్ బయల్దేరాక లెక్కపెట్టి చూస్తే ఒక సీసా తక్కువుంది.